రాసుకున్నాం సరే, చేరిందా?

ప్రొద్దుటూరులో అక్షయ తృతీయ నాడు బంగారు అంగళ్ల వీధిలో కాలు పెట్టడానికి సందుండదు. ఊరిని రెండో బొంబాయి అని పెద్దలు ఎందుకంటారో ఆ రోజు చూస్తే తెలుస్తుంది. కొన్నేళ్ల కిందట అలాంటి రోజే, మధ్యాహ్నం రెండు దాటాక, నేను రాసిన బిల్లింగ్ ప్రోగ్రాం వాడుతున్న ఒక అంగట్లో కరెంటు పోయింది. రెప్పపాటే. ఫ్యాను రెక్కలు ఇంకా తిరుగుతుండగానే తిరిగొచ్చింది. కానీ యూపీఎస్ బ్యాటరీలో ప్రాణం లేదు. కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ మొదలైంది. ప్రోగ్రాం తెరిస్తే సరుకు జాబితాలో ఒక్క వరుస కూడా లేదు.

నేను బండేసుకుని వెళ్లేసరికి కౌంటరు ముందు జనం అట్లాగే ఉన్నారు. ఫోల్డర్ తెరిచి చూశాను. ఫైల్ ఉంది. పేరు సరిగ్గానే ఉంది. చివరిసారి మార్చిన సమయం దగ్గర కరెంటు పోయిన నిమిషమే కనిపిస్తోంది. సైజు దగ్గర మాత్రం సున్నా. గొలుసులు, గాజులు, కమ్మలు, ఒక్కో దాని ట్యాగ్ నంబరు, బరువు, తరుగు, మజూరీ, అన్నీ ఉండాల్సిన ఫైల్ అది.

అంగడి యజమాని కేకలెయ్యలేదు. ఒక్కటే అడిగాడు. "ప్రతి బిల్లుకూ సేవ్ అయింది అని పచ్చరంగులో చూపిచ్చాండె కదప్పా నీ ప్రోగ్రాం?"

నా దగ్గర జవాబు లేదు. చూపించిన మాట నిజం. ఆ రెండు పదాలను తెర మీదికి తెచ్చింది నేను రాసిన కోడే. వాటి వెనక నేనేం చేశానో, ఏం చేయకుండా వదిలేశానో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. అలా తెలుసుకున్నదే ఈ అధ్యాయం. సాఫ్ట్‌వేర్ రాసే పిల్లల కోసం, వాళ్లు రాసినదాన్ని నమ్మి అంగడి నడిపేవాళ్ల కోసం, ఏ పని ఒప్పుకున్నా "అయిపోయిందన్నా" అని ముందే చెప్పేసే అలవాటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఆ అలవాటు నాకూ ఉండేది.

నాలుగు గడపలు

ప్రోగ్రాం ఫైల్లో ఏదైనా రాస్తే అది నేరుగా డిస్క్‌లో పడుతుందనే నేను అనుకునేవాణ్ని. అది నాలుగు గడపలు దాటాలి. మొదటిది ప్రోగ్రాం సొంత సంచి. సీ అయినా, పైథాన్ అయినా అక్షరాలను ముందు తమ దగ్గరే కొంత పోగు చేసుకుంటాయి. రెండోది కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. మూడోది డిస్క్ లోపల దాని సొంత చిన్న మెమొరీ. నాలుగోది, తిరిగే పళ్లెం గానీ ఫ్లాష్ చిప్ గానీ, కరెంటు పోయినా అక్షరం నిలిచే అసలు చోటు.

రెండో గడప దగ్గరే అసలు సంగతంతా ఉంది. ప్రోగ్రాం 'రైట్' అని కెర్నెల్‌ను పిలిస్తే, అది ఆ అక్షరాలను ర్యామ్‌లో పేజీ క్యాష్ అనే చోటికి నకలు చేసుకుని "సరే, తీసుకున్నా" అని చెప్పేస్తుంది. డిస్క్‌ను ఇంకా ముట్టుకోలేదు. అలా తీసుకుని ఇంకా పంపని పేజీలను డర్టీ పేజీలంటారు. లినక్స్‌లో మామూలు అమరిక ప్రకారం ఒక డర్టీ పేజీ 30 సెకన్లు ఉండిపోతే దాన్ని పంపాల్సిన సమయం వచ్చినట్టు లెక్క. అలాంటివేమైనా ఉన్నాయా అని కెర్నెల్ 5 సెకన్లకోసారి లేచి చూస్తుంది. అందుబాటులో ఉన్న మెమొరీలో డర్టీ పేజీలు 10 శాతం దాటితే వెనకవైపు నుంచి పంపడం మొదలుపెడుతుంది. 20 శాతానికి చేరితే రాస్తున్న ప్రోగ్రాంనే నిలబెట్టి, ముందు ఇది వదిలించుకుందాం ఉండు అంటుంది.

అర నిమిషం! బంగారు అంగట్లో అర నిమిషంలో ఏం జరుగుతుందో ఆలోచించండి. బిల్లు కోయడం, డబ్బు లెక్కపెట్టడం, డబ్బా చేతికివ్వడం, మనిషి మెట్లు దిగిపోవడం అన్నీ అయిపోతాయి. కంప్యూటర్‌కు మాత్రం ఆ అమ్మకం ఇంకా గాల్లోనే ఉంది.

పులివెందుల చీనీ మార్కెట్‌కు కాయలు తోలిన రైతుకు ఇది చెప్పాల్సిన పనే లేదు. కాటా దగ్గర కుర్రాడు "రాసుకున్నాలే మామా, నువ్వు పో" అంటాడు. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే రాసుకున్నాడు, అరచేతిలో ఉన్న చిత్తుకాగితం మీద. ఆ కాగితం సాయంత్రానికి లెక్కల పుస్తకంలోకి ఎక్కుతుంది, ఎక్కాలి. అనుభవమున్న రైతు మాత్రం తూకం చీటీ చేతికొచ్చిందాకా అక్కడి నుంచి కదలడు. 'రైట్' అంటే "రాసుకున్నాలే" అనే మాట. చీటీ అడగడానికి వేరే పిలుపు ఉంది. దాని పేరు ఎఫ్‌సింక్.

ఎఫ్‌సింక్ పిలిస్తే కెర్నెల్ ఆ ఒక్క ఫైలుకు సంబంధించిన డర్టీ పేజీలన్నిటినీ డిస్క్‌కు తోలుతుంది. ఫైలు సైజెంత, ఏ ముక్క డిస్క్‌లో ఎక్కడుంది అనే వివరాలనూ తోలుతుంది. ఆపైన డిస్క్‌ను నీ సొంత మెమొరీలో ఉన్నది కూడా కింద పెట్టు అని అడుగుతుంది. ఇవన్నీ అయ్యాకే మన ప్రోగ్రాంకు జవాబొస్తుంది, అప్పటిదాకా ప్రోగ్రాం అక్కడే నిలబడి ఉండాలి. ఎఫ్‌డేటాసింక్ అని దీని చెల్లెలొకటుంది. మార్చిన సమయం లాంటి, డేటా చదవడానికి అక్కర్లేని వివరాలను అది వదిలేస్తుంది కాబట్టి కొంచెం తొందరగా వస్తుంది.

ఇక్కడ చాలామంది జారిపడే రెండు మెట్లున్నాయి. ఫైల్‌ను 'క్లోజ్' చేస్తే డిస్క్‌లోకి వెళ్లిపోయినట్టేనని అనుకోవడం మొదటిది. క్లోజ్ అలాంటి హామీ ఏదీ ఇవ్వదు. 'ఫ్లష్' చేశాం కదా అనుకోవడం రెండోది. పైథాన్‌లో ఫ్లష్ అన్నా, సీ లో ఎఫ్‌ఫ్లష్ అన్నా మొదటి గడప దాటించడమే, ప్రోగ్రాం సంచిలోంచి కెర్నెల్ సంచిలోకి. ముందు ఫ్లష్, ఆ తర్వాత ఎఫ్‌సింక్, ఈ వరుసలో రెండూ చేయాలి. నా ప్రోగ్రాంలో ఫ్లష్ ఉంది, క్లోజ్ ఉంది, ఎఫ్‌సింక్ లేదు. వేల బిల్లులు ఏ ఇబ్బందీ లేకుండా నడిచాయి. కరెంటు సరిగ్గా ఆ సందులో పోయిందాకా ఎఫ్‌సింక్ లేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు.

కెర్నెల్ మనల్ని మోసం చేస్తోందని అనుకోకండి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైమాటే. ర్యామ్‌లో రాయడానికి ఒక మైక్రోసెకను కూడా పట్టదు. ప్రతి అక్షరానికీ డిస్క్ దాకా పోయి రావాలంటే కంప్యూటర్ ముందుకు కదలదు. ఒక్కో చీనీకాయకు ఒక్కో లారీ ఎవరు కడతారు? లోడు నిండాకే లారీ కదలడం న్యాయమే. ఈ కాయ ఇప్పుడే పోవాలి అని చెప్పాల్సిన చోట చెప్పడం మన పని, అది కెర్నెల్‌కు ఎలా తెలుస్తుంది?

చిట్టా, ఆవర్జా

ఆ రోజు అంగడిని నిలబెట్టింది గల్లాపెట్టె పక్కన కూర్చునే పాత గుమాస్తా. డెబ్బై దాటిన మనిషి. కంప్యూటర్ వచ్చాక కూడా ఆయన పొడుగాటి చిట్టా పుస్తకం మూయలేదు. యజమాని వద్దనలేదు, ఆయన మానలేదు. నేను మనసులో దాన్ని పాతకాలపు చాదస్తం అనుకునేవాణ్ని. ఆ సాయంత్రం ఆ చాదస్తం ముందే కూర్చుని, ఆయన చదువుతుంటే పొద్దుటి నుంచి జరిగిన అమ్మకాలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించాను. అంతకుముందు రాత్రి తీసిన బ్యాకప్ ఒకటి ఉంది కాబట్టి ఆ ఒక్క రోజు లెక్కతోనే సరిపోయింది. చివరికి గాజుల జత ఒకటి బరువు తేడా వస్తే, పుస్తకంలోనే రాసి ఉందని వేలు పెట్టి చూపించాడు.

పని అయ్యాక టీ తాగుతూ, నేను ఫైల్ ఎలా రాస్తానని అడిగాడు. చెప్పాను. ప్రతి బిల్లుకూ పాత జాబితాను తుడిచేసి, కొత్త జాబితా మొత్తం మళ్లీ రాస్తానని.

"తుడిచేది ముందా, రాసేది ముందా?" అన్నాడు.

"తుడిచేదే ముందు, పెద్దాయనా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అట్ల యాడన్నా చేస్తారా నాయనా? అమ్మకం జరిగిన వెంటనే ముందు చిట్టాలో ఒక వరుస. దాని కింద ఇంకో వరుస. చిట్టాలో తుడిచేదే ఉండదు. ఆవర్జాలో పేరుపేరునా పద్దు మార్చేది తీరిక దొరికినాక. ఆవర్జా రాచ్చాండంగా దీపం ఆరిపోయినా నాకేం భయం లేదు, చిట్టా ఉండాది కదా. ఇంకోటి చెప్తా విను. చిట్టాలో వరుస ఎక్కందే నా చేతిలోంచి డబ్బా దాటదు."

డేటాబేస్ పుస్తకాల్లో నేను పరీక్షల కోసం చదివి మరిచిపోయిన పాఠమంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. ఏం మార్చబోతున్నామో ముందు వేరే చోట వరసగా రాసి ఖాయం చేసుకో, ఆ తర్వాతే అసలు పట్టికను ముట్టుకో, ఖాయం అయిందాకా ఎదుటి మనిషికి "అయింది" అనకు. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లు దీన్ని రైట్ అహెడ్ లాగ్ అంటాయి. మన వ్యాపారులు చిట్టా అన్నారు. పేరు ఏదైనా పని ఒకటే.

ఫైల్‌సిస్టమ్‌లకు కూడా సొంత చిట్టా ఉంటుంది, దాన్ని జర్నల్ అంటారు. లినక్స్‌లో ఎక్కువగా కనిపించే ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 సెకన్లకోసారి తన జర్నల్‌ను ఖాయం చేసుకుంటుంది. జర్నల్ ఉంది కదా, ఇంకేం భయం అని నాతో వాదించినవాళ్లున్నారు. కానీ మామూలు అమరికలో ఆ జర్నల్‌లోకి ఎక్కేది ఫైల్‌సిస్టమ్ తన ఇల్లు చక్కబెట్టుకోవడానికి రాసుకునే వివరాలే, పేర్లు, సైజులు, ఏ గది ఎవరిది అనేవి. మీ బిల్లులో ఏముందో అందులోకి ఎక్కదు. కరెంటు వచ్చాక ఇల్లు చక్కగా ఉంటుంది, గదిలో సామాను ఉంటుందన్న హామీ లేదు. నాకు కనిపించిన సున్నా సైజు ఫైల్ సరిగ్గా అదే. తుడిచిన సంగతి ఖాయమైంది, కొత్తగా రాసింది దారిలోనే ఆవిరైంది.

ఈ తప్పు నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. 2009లో ఈఎక్స్‌టీ4 కొత్తగా వాడుకలోకి వస్తున్నప్పుడు ప్రపంచమంతా ఇదే గొడవ నడిచింది. కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతే డెస్క్‌టాప్ ప్రోగ్రాంల సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లుగా తేలుతున్నాయని జనం మొత్తుకున్నారు. ఈఎక్స్‌టీ4 బాధ్యత చూసే థియోడోర్ సో, ఎఫ్‌సింక్ పిలవని ప్రోగ్రాం అలాంటి హామీ ఆశించకూడదని వివరించాడు. అలా వివరించి ఊరుకోలేదు. తుడిచి రాసే, పేరు మార్చి రాసే రెండు సందర్భాల్లోనూ కొత్త డేటాను వెంటనే డిస్క్‌వైపు కదిలించే ఏర్పాటును 2.6.30 కెర్నెల్‌లో చేర్చాడు. నియమం ప్రకారం తనది తప్పు కాకపోయినా, నష్టపోతున్నది మామూలు మనుషులని చూసి తన వైపు నుంచి ఒక అడుగు వేశాడు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. అలాగని ఆ ఏర్పాటును నమ్ముకుని ఎఫ్‌సింక్ మానేయడం మాత్రం సరికాదు. అది ఆ ఫైల్‌సిస్టమ్ చూపిన దయ, ప్రతిచోటా దొరకదు.

ఫైల్‌ను మార్చి రాయాల్సి వస్తే

కొత్త బావిలో నీళ్లు పడ్డాకే పాత బావి పూడ్చాలి. ఫైల్‌కూ అదే వరుస. అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా, అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో కొత్త ఫైల్ తెరవాలి. మొత్తం రాయాలి, ఫ్లష్ చేయాలి, ఎఫ్‌సింక్ చేయాలి. జవాబు చూసుకోవాలి. అప్పుడు 'రీనేమ్' పిలిచి కొత్తదానికి పాత పేరు పెట్టాలి. రీనేమ్‌లో సగం సగం ఉండదు. చూసేవాళ్లకు ఉంటే పాతది మొత్తం ఉంటుంది, లేదా కొత్తది మొత్తం ఉంటుంది.

ఇంకో మెట్టు మిగిలింది, చదువుకున్నవాళ్లు కూడా దీన్ని మరిచిపోతారు. ఫైల్లో ఏముందో ఒకచోట ఉంటే, ఆ ఫైల్ పేరు ఇంకోచోట, ఫోల్డర్ అనే పట్టికలో ఉంటుంది. బిడ్డ పుట్టింది, ఆరోగ్యంగా ఉంది, కానీ రేషన్ కార్డులో పేరు ఎక్కలేదు అనుకోండి. ఎఫ్‌సింక్ బిడ్డను కాపాడుతుంది, కార్డులో పేరు సంగతి దానికి సంబంధం లేదు. కాబట్టి రీనేమ్ తర్వాత ఆ ఫోల్డర్‌ను కూడా తెరిచి దాని మీద ఒకసారి ఎఫ్‌సింక్ పిలవాలి.

ఇంత తతంగం ప్రతి ప్రోగ్రాంలో మనమే రాయాలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వద్దు. అంగడి లెక్కలు, స్కూలు హాజరు, పాల కేంద్రం ఖాతా లాంటి వాటికి సొంతంగా ఫైల్ రాసుకోకండి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాడండి. ఉచితం, ఫోన్లోనూ నడుస్తుంది, వేరే సర్వర్ అక్కర్లేదు. చిట్టా ముందు, ఆవర్జా తర్వాత అనే క్రమశిక్షణ, ఎఫ్‌సింక్‌లు, ఫోల్డర్ సంగతి, అన్నీ అది చూసుకుంటుంది. దాని 'సింక్రనస్' అమరికను వేగం కోసం ఆఫ్‌లో పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే, అది చిట్టా రాయడం మానేయమని చెప్పడమేనని గుర్తుంచుకోండి.

అతి కూడా చేటే

ఇది చదివి ప్రతి గీతకూ ఎఫ్‌సింక్ పెట్టేవాళ్లు ఉంటారు. నేనూ పెట్టాను. ఆ సంఘటన తర్వాత భయంతో ప్రతి మీట నొక్కుడుకూ ఎఫ్‌సింక్ పిలిచేలా మార్చాను. వారం తిరక్కముందే యజమాని ఫోన్ చేశాడు, తెర బిగుసుకుపోతోందని. 2008లో ఫైర్‌ఫాక్స్ 3కు లినక్స్‌లో ఇదే జరిగింది. చూసిన పేజీల చరిత్రను ఎస్‌క్యూలైట్‌లో భద్రంగా దాచడానికి అది మాటిమాటికీ ఎఫ్‌సింక్ పిలిచేది. అప్పట్లో అందరూ వాడే ఈఎక్స్‌టీ3లో ఒక్క ఫైల్‌కు ఎఫ్‌సింక్ పిలిస్తే మిగతా ఫైళ్ల డేటా కూడా వెళ్లిందాకా ఆగాల్సి వచ్చేది. లింకు నొక్కితే బ్రౌజర్ కొన్ని సెకన్లు కదలకుండా కూర్చునేది.

మరి ఎఫ్‌సింక్ ఎక్కడ పిలవాలి, ఎక్కడ అక్కర్లేదు? ఎర్రగుంట్ల మండలం కలమళ్ల గురించి మన జిల్లావాళ్లకు తెలుసు. ఆ ఊరి గుళ్లో, క్రీ.శ. 575 నాటిదని పండితులు చెప్పే తొలి తెలుగు శాసనం. రేనాటి చోళుల కాలంది, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరు చెప్పేది. పద్నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచిన ఆ రాయి ముందు నిలబడినప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. రాతి మీద ఒక అక్షరం చెక్కడానికి ఎంత సమయం, ఎంత చెమట! అందుకే రాజులు అన్నీ రాతి మీద చెక్కించలేదు. రోజువారీ లెక్కలు ఆకుల మీద, కాగితాల మీద నడిచాయి, పోయాయి. పోకూడదనుకున్నవే రాతికెక్కాయి. మీ ప్రోగ్రాంలో ఏది రాతికెక్కాలి? బిల్లు ఎక్కాలి. డబ్బు చేతులు మారిన ప్రతి క్షణం ఎక్కాలి. కస్టమర్ ఏ డిజైన్ వైపు చూశాడో ఎక్కక్కర్లేదు, పోతే పోనీ.

నేను ఇప్పుడు ఒక్కటే ప్రశ్నతో గీత గీసుకుంటాను. ఎదుటి మనిషి నా మాట నమ్మి వెనక్కి తీసుకోలేని అడుగు వేయబోతున్నాడా? వేయబోతుంటే ముందు ఎఫ్‌సింక్, ఆ తర్వాతే మాట. లేకపోతే 30 సెకన్లు ఆగినా నష్టం లేదు.

ఇది ప్రోగ్రాంలకే కాదు. జమ్మలమడుగులో నాకు తెలిసిన ఒక ఫొటోగ్రాఫర్ అన్న ఉన్నాడు. ఒక రాత్రి పెళ్లి ఫొటోలన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ పెట్టాడు. తెర మీద గీత చివరికంటా నిండింది. వెంటనే వైరు లాగేశాడు. తెల్లారితే గండికోటలో ఇంకో జంటకు పెళ్లికి ముందు ఫొటోలు తీయాలి, కెమెరా మెమొరీ కార్డు కావాలి. ఫార్మాట్ చేశాడు. వెనక్కి తీసుకోలేని అడుగు అదే. పెన్నా లోయ అంచున ఎర్రటి రాళ్ల మీద కొత్త జంటను నిలబెట్టి ఆయన కెమెరా సరిచేసుకుంటున్న పొద్దున, అంతకుముందు పెళ్లిలోని తలంబ్రాల ఫొటోలు సగం దాకా బూడిదరంగు పట్టీలుగా మారి ఉన్నాయి. ఆయనకది మధ్యాహ్నం తెలిసింది.

ఆయన కంప్యూటర్ పాతది. విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్ నుంచి బయటి డిస్క్‌లకు వెంటనే రాసే పద్ధతినే ముందుగా పెట్టి ఇస్తున్నారు. అంతకుముందు వెర్షన్లలో, లినక్స్‌లో, గీత నిండడం అంటే కెర్నెల్ తీసుకోవడమే కావచ్చు. 'సేఫ్‌లీ రిమూవ్' నొక్కడం, లినక్స్‌లో 'అన్‌మౌంట్' చేయడం లేదా 'సింక్' అని కొట్టడం, మిగిలిన పేజీలన్నీ దిగిపోయాకే వదలమని అడగడం. ఆయనకు నేను చెప్పిన పద్ధతి ఇప్పటికీ పాటిస్తున్నాడు. కాపీ అయ్యాక డిస్క్‌ను పద్ధతిగా తీసి, మళ్లీ పెట్టి, ఫొటోల సంఖ్య సరిచూసి, చివరి నాలుగు ఫొటోలు పెద్దవి చేసి చూస్తాడు. తీసి మళ్లీ పెట్టడం ఎందుకంటే, అలా చేయకపోతే తెర మీద కనిపించేది డిస్క్‌లోంచి కాకుండా ఇంకా ర్యామ్‌లోంచే రావచ్చు. రెండోచోట కూడా అదే పని అయ్యాకే కార్డును ఫార్మాట్ చేస్తాడు.

ఒక్కసారి కాదన్నాక

చీటీ అడిగితే ప్రతిసారీ చీటీ వస్తుందన్న హామీ కూడా లేదు. డిస్క్ చెడిపోతే ఎఫ్‌సింక్ "కాలేదు" అని చెబుతుంది. నేను చూసిన ప్రోగ్రాంలలో చాలా వాటిలో ఎఫ్‌సింక్ పిలుపు ఉంటుంది, దాని జవాబు వినే వరుస ఉండదు.

2018లో పోస్ట్‌గ్రెస్ డెవలపర్లకు ఇంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. వాళ్లు జవాబు వినేవాళ్లే. "కాలేదు" అని వస్తే మళ్లీ ప్రయత్నించేవాళ్లు, రెండోసారి "అయింది" అని వస్తే ఊపిరి పీల్చుకునేవాళ్లు. తీరా చూస్తే లినక్స్‌లో రాయడం విఫలమైన పేజీలను కెర్నెల్ శుభ్రమైనవిగా గుర్తు పెట్టేస్తోంది. కాబట్టి రెండోసారి పంపడానికి అక్కడ ఏమీ మిగల్లేదు, "అయింది" అనడానికి అడ్డమూ లేదు. డేటా మాత్రం డిస్క్‌లో లేదు. ఇరవై ఏళ్లుగా వాడుతున్న డేటాబేస్‌లో ఇలాంటి సందు ఉందని తెలిసి డేటాబేస్ వాళ్లూ, కెర్నెల్ వాళ్లూ కూర్చుని మాట్లాడుకున్నారు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన 11.2 వెర్షన్‌లో పోస్ట్‌గ్రెస్ పద్ధతి మార్చింది. ఎఫ్‌సింక్ ఒక్కసారి కాదంటే మళ్లీ అడగదు. అక్కడికక్కడ ఆగిపోయి, మళ్లీ లేచి, తన చిట్టాలోంచి లెక్క మొత్తం తిరిగి కట్టుకుంటుంది.

మనుషుల మధ్య కూడా నేను దీన్ని చూశాను. అడ్వాన్సు జమైందా అని అడిగితే మొదట "పడలేదే" అంటారు. పది నిమిషాలాగి మళ్లీ అడిగితే, మొహమాటానికో తొందరకో, "ఆ, పడినట్టుండాది" అంటారు. ఆ రెండో మాట మీద సరుకు లారీ ఎక్కిస్తే ఏమవుతుందో వ్యాపారం చేసేవాళ్లకు తెలుసు. మొదటి "లేదు" వినగానే పాస్‌బుక్ దగ్గరికి పోవాలి.

చేసి చూడండి

పులివెందులలో ఇంజనీరింగ్ చదివే కొందరు పిల్లలకు ఇదంతా చెబుతున్నప్పుడు వాళ్ల కళ్లలో నమ్మకం కనిపించలేదు. పచ్చరంగు మాటను నమ్మి పెరిగిన తరం. అందుకని బోర్డు తుడిచేసి, ఒక లినక్స్ ల్యాప్‌టాప్‌లో రెండు టెర్మినళ్లు తెరిచాం. 'ప్రాక్' ఫోల్డర్‌లో 'మెమ్‌ఇన్ఫో' అని ఒక ఫైల్ ఉంటుంది. అందులో 'డర్టీ' అనే వరుసను సెకనుకోసారి చూపించేలా మొదటి టెర్మినల్ పెట్టాం. కొన్ని వందల కిలోబైట్ల దగ్గర అంకె ఆడుతోంది. రెండో దాంట్లో 500 మెగాబైట్ల ఫైల్ ఒకటి తయారు చేయమన్నాం. ఆదేశం తటాలున ముగిసింది. ఇటు డర్టీ అంకె ఐదు లక్షల కిలోబైట్ల దగ్గరికి ఎగిరింది.

"అయిపోయింది సార్" అన్నాడు ఒకబ్బాయి రెండో టెర్మినల్ చూస్తూ. వెంటనే వాడే మొదటిదాని వైపు చూసి నోరు మూసుకున్నాడు. గదిలో అందరం ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాం. పది సెకన్లు, ఇరవై. కదల్లేదు. అర నిమిషం దాటాక గబగబా దిగడం మొదలైంది. రెండోసారి అదే ఫైల్ తయారుచేసి వెంటనే 'సింక్' అని కొట్టాం. ఆ ఆదేశం వెంటనే తిరిగి రాలేదు. కర్సర్ అక్కడే నిలబడింది, పక్క టెర్మినల్లో అంకె పడిపోతూ వచ్చింది, అడుగుకు చేరుకున్నాకే కర్సర్ కిందికి దిగింది. పాఠంలో నేను గంటసేపు చెప్పలేనిది ఆ కర్సర్ ఆగడంలో వాళ్లకు అర్థమైంది.

వెనక బెంచీలో ఉన్న అమ్మాయి అడిగింది. "మరి సింక్ కూడా అయిన తర్వాత డిస్క్ అబద్ధం చెప్తే సార్?"

మంచి ప్రశ్న. మూడో గడప గురించి అడిగింది. డిస్క్ తన లోపలి మెమొరీలోకి తీసుకుని "కింద పెట్టేశా" అని తప్పు చెప్పే చౌకరకం పరికరాలు ఉన్నాయి. సర్వర్ల కోసం చేసే మంచి ఎస్ఎస్‌డీల్లో చిన్న కెపాసిటర్లు పెడతారు. కరెంటు పోయినా లోపల ఉన్నదాన్ని ఫ్లాష్‌లోకి దించేంత శక్తి వాటిలో నిలవుంటుంది. డబ్బు లెక్కలు నడిచే చోట ఆ ఖర్చు పెట్టమనే నేను చెబుతాను. అది కుదరకపోతే కనీసం యూపీఎస్ బ్యాటరీ సంగతి చూడండి. కొన్న రోజే బ్యాటరీ మీద తేదీ రాసి, రెండు మూడేళ్లకు మార్చేయండి. నెలకొకసారి అంగడి మూసే ముందు గోడ స్విచ్ మీరే ఆపి, కంప్యూటర్ ఎన్ని నిమిషాలు నిలబడుతుందో చూడండి. ఆ అక్షయ తృతీయకు ముందు మా అంగట్లో ఎవరమూ ఆ స్విచ్ ఆపి చూడలేదు.

ప్రోగ్రాం రాసేవాళ్లకు ఇంకో పరీక్ష. మీ ప్రోగ్రాంను వర్చువల్ మెషీన్‌లో నడిపించి, బిల్లులు వరసగా కోస్తుండగా ఉన్నపళంగా దాని పవర్ ఆపండి, షట్‌డౌన్ చేయకుండా. తిరిగి లేపి, తెర మీద "అయింది" అని చూపించిన చివరి బిల్లు నంబరు ఫైల్లో ఉందేమో చూడండి. యాభైసార్లు చేయండి. ఒక్కసారి లేకపోయినా ఆ ప్రోగ్రాంను ఎవరి అంగట్లోనూ పెట్టకండి. నేను ఈ పరీక్ష చేయకుండా పెట్టాను.

ఆ బంగారు అంగట్లో ప్రోగ్రాం మార్చి రాశాను. ఇప్పుడు బిల్లు ఎస్‌క్యూలైట్‌లో ఖాయం అయ్యాకే ప్రింటర్‌కు వెళుతుంది, పచ్చరంగు మాట ఆ తర్వాత వస్తుంది. మీట నొక్కాక రెప్పపాటు ఆగినట్టు అనిపిస్తుంది. ఆలస్యమెందుకని యజమాని మొదట్లో అడిగాడు, చెప్పాక మళ్లీ అడగలేదు.

పోయిన ధన త్రయోదశి సాయంత్రం నేను అక్కడే ఉన్నప్పుడు మళ్లీ కరెంటు పోయింది. ఈసారి నిజంగానే పోయింది, వీధంతా చీకటి. యూపీఎస్ కాసేపు నిలిచి ఆగిపోయింది. కరెంటు వచ్చి కంప్యూటర్ లేచేదాకా అంగట్లో ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన కళ్లద్దాలు సరిచేసుకుని తెర దగ్గరికి వంగి చివరి బిల్లు నంబరు చదివాడు. తన చిట్టాలో చివరి వరుస మీద వేలు పెట్టాడు. రెండూ ఒకటే. "ఊఁ" అని, ఆ వరుస పక్కన పెన్నుతో చిన్న టిక్కు పెట్టి, తర్వాతి మనిషిని రమ్మన్నాడు.